తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది: ఎనిమిది నెలలు తెల్లబట్టకి మందులు వాడిన ఒక కేస్

పేషెంట్‌ని అడిగి, ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నా. ఎవరో తెలిసిపోయే వివరాలు మార్చేశా, కానీ రోజుల లెక్క మాత్రం ఫైల్లో ఉన్నట్టే ఉంచా, ఎందుకంటే ఈ కేస్ మొత్తం ఆ లెక్కలోనే ఉంది.

వయసు 28. పెళ్లయి ఐదేళ్లు, పిల్లల కోసం ఇప్పుడిప్పుడే చూస్తున్నారు. వచ్చి కూర్చుంటూనే బ్యాగ్‌లోంచి ప్రిస్క్రిప్షన్ల కట్ట తీసి టేబుల్ మీద పెట్టింది. "మేడం, ఎనిమిది నెలల నుంచి తెల్లబట్ట. మందు వాడితే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఒంట్లో బలమంతా ఇలాగే పోతోందేమో అనిపిస్తోంది" అంది. దురద ఉందా అంటే లోపల లేదు, పైన మంటగా ఉంటుంది అంది. వాసన సంగతి అడిగితే కాసేపు ఆలోచించి "ఏదో ఒక వాసన ఉంటుంది కదా మేడం, అది ఎక్కువో తక్కువో నాకు తెలీదు" అంది. ఈ మాట చాలామంది దగ్గర విన్నా, తన ఒంటి మామూలు వాసన ఏదో ఎవరూ చెప్పకుండా పెరిగితే ఎక్కువ తక్కువలు ఎలా తెలుస్తాయి మరి.

కాగితాలు ఒక్కొక్కటిగా చదివా. మొత్తం ఏడు ప్రిస్క్రిప్షన్లు. ఒకే రోజు వేసుకునే మూడు మందుల కిట్ రెండుసార్లు, అంటే ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు, అజిత్రోమైసిన్, సెక్నిడజోల్ అనే రెండు యాంటీబయాటిక్స్ కలిపి, అది కూడా భార్యాభర్తలిద్దరికీ. విడిగా ఫ్లూకోనజోల్ రెండుసార్లు, మెట్రోనిడజోల్ ఒకసారి, రాత్రిపూట లోపల పెట్టుకునే టాబ్లెట్లు మిగతా రెండుసార్లు. వీటికి తోడు తనంతట తను వాడుతున్న వెజైనల్ వాష్, రోజుకి రెండుసార్లు, లోపలి దాకా. ఒక కల్చర్ రిపోర్ట్, అంటే శాంపిల్‌లోని సూక్ష్మజీవుల్ని పెంచి చూసిన పరీక్ష కాగితం కూడా ఉంది, "క్యాండిడా, స్వల్పంగా" అని. క్యాండిడా అంటే ఒక రకం ఫంగస్. ఏడు కాగితాల్లోనూ "వైట్ డిశ్చార్జ్" అని రాసుంది, పక్కన ప్లస్ గుర్తు కూడా ఉంది, ఆఖరి పీరియడ్ ఎప్పుడొచ్చిందో మాత్రం ఒక్క దాంట్లో కూడా లేదు. ఇది ఎవర్నో తప్పు పట్టడానికి చెప్పట్లేదు, ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తల్లో నేనూ ఇలాగే రాశా, రద్దీ ఓపీలో "తెల్లబట్ట" అన్న మాట వినగానే చెయ్యి దానంతటదే కిట్ రాసేస్తుంది.

నాకు అనుమానం వచ్చింది ఆ అమ్మాయి మొదటి మాట దగ్గరే. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఎన్ని రోజులకి తగ్గుతుంది, ఎన్ని రోజులకి వస్తుంది? తనకి గుర్తులేదు, ఎప్పుడూ ఉన్నట్టే ఉంటుంది అంది. అదృష్టం ఏంటంటే పీరియడ్స్ తేదీలు ఫోన్లో రాసుకునే అలవాటుంది. ఆ తేదీలు ఒక పక్క, ప్రిస్క్రిప్షన్ల తేదీలు ఇంకో పక్క పెట్టి ఇద్దరం కూర్చుని లెక్కేశాం. పీరియడ్ మొదలైన రోజుని ఒకటిగా పట్టుకుంటే ఏడింట్లో ఆరు ప్రిస్క్రిప్షన్లు 15 నుంచి 20వ రోజు మధ్యలో పడ్డాయి, ఏడోది 22వ రోజున. తన సైకిల్ 31 నుంచి 34 రోజులు. లెక్క పూర్తయ్యేసరికి తను కూడా కాగితం వంక అలా చూస్తూ ఉండిపోయింది.

ఇంకో ప్రశ్న అడిగా, ఇది ఎవరూ అడగలేదట: ఈ ఎనిమిది నెలలకి ముందు ఏం వాడేవారు? పెళ్లయిన దగ్గర్నుంచి నాలుగేళ్ల పైనే గర్భనిరోధక మాత్రలు, రెండు హార్మోన్లూ ఉన్న మామూలు రకం. పిల్లల కోసమని పది నెలల క్రితం ఆపేసింది. ఆపాక రెండో నెల నుంచి "ఈ జబ్బు" మొదలైంది.

ఇక్కడ కొంచెం ఆగి అసలు లోపల ఏం జరుగుతుందో చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు.

డిశ్చార్జ్ అనేది ఒకచోట నుంచి వచ్చేది కాదు. యోని గోడల్లోంచి ఊరే తడి, రాలిపోయే కణాలు, అక్కడ కాపురముండే లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా, వీటన్నిటితో పాటు గర్భాశయ ముఖద్వారం, అంటే సర్విక్స్‌లోని గ్రంథులు చేసే మ్యూకస్, అన్నీ కలిస్తే అది. రోజుకి సుమారు 1 నుంచి 4 మిల్లీలీటర్లు మామూలే. ఈస్ట్రోజన్ అనే హార్మోన్ వల్ల యోని గోడ కణాల్లో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది, దాన్నుంచి లాక్టిక్ యాసిడ్ తయారవుతుంది, అందుకే పీహెచ్ (పులుపు, క్షారం కొలిచే అంకె, తక్కువైతే పులుపు) 3.8 నుంచి 4.5 మధ్యలో పుల్లగా ఉంటుంది, ఆ పులుపే కాపలా. నల్ల లోదుస్తులు వేసుకునేవాళ్ళకి మధ్యలో రంగు వెలిసినట్టు మరకలు పడతాయి చూడండి, అది ఈ యాసిడ్ పనే, జబ్బు కాదు. ఆరిపోయాక లేత పసుపు రంగుకి తిరగడం కూడా మామూలే.

నెలలో మారేది ముఖ్యంగా సర్విక్స్ మ్యూకస్. పీరియడ్ ఆఖర్న మిగిలిన పాత రక్తం గోధుమ రంగులో ఒకట్రెండు రోజులు కనబడొచ్చు, తర్వాత కొన్ని రోజులు పొడిగా ఉంటుంది, ఏమీ కనబడదు. అండాశయంలో ఒక అండం ఎదుగుతూ ఈస్ట్రోజన్ పెరిగే కొద్దీ ముందు జిగురుగా, ముద్దగా, తర్వాత క్రీమ్‌లాగా తెల్లగా, ఆ తర్వాత పల్చగా, తేటగా, గుడ్డులోని తెల్లసొనలాగా సాగుతూ వస్తుంది. ఆ టైమ్‌లో మ్యూకస్‌లో దాదాపు 98 శాతం నీళ్ళే. బలం పోతోందన్న భయానికి నేను చెప్పే జవాబు కూడా ఇదే, అమ్మా పోతున్నది నీళ్ళు, ఒంట్లో సత్తువ కాదు. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్‌ది పైచెయ్యి అవుతుంది, ఒకట్రెండు రోజుల్లోనే మ్యూకస్ చిక్కబడి, తగ్గిపోయి, మళ్ళీ జిగురుగానో పొడిగానో అయిపోతుంది. పీరియడ్‌కి ముందు కొందరికి మళ్ళీ కాస్త తెల్లగా తడి అనిపిస్తుంది. శుక్రకణాలకి పీచుపీచుగా ఉన్న తేట మ్యూకస్ దారి ఇస్తుంది, చిక్కటిది తలుపేస్తుంది, అంతే దాని పని.

గర్భనిరోధక మాత్రలు వాడినన్నాళ్ళూ ఈ ఎత్తుపల్లాలు ఉండవు. అండం విడుదల ఆగిపోతుంది, మాత్రలోని ప్రొజెస్టరాన్ లాంటి హార్మోన్ మ్యూకస్‌ని నెలంతా చిక్కగానే ఉంచుతుంది. అంటే ఈ అమ్మాయి నాలుగేళ్లకి పైగా తెల్లసొన లాంటి డిశ్చార్జ్ చూడనే లేదు, అంతకు ముందు చదువుకునే రోజుల్లో గమనించుకోలేదు. మాత్రలు ఆపి సైకిల్ తిరిగి మొదలవగానే కనబడినదాన్ని కొత్త జబ్బు అనుకుంది. అనుకోవడంలో తప్పేం లేదు, మాత్ర ఆపాక ఇలా ఉంటుంది అని ఎవరో ఒకరం చెప్పాల్సింది.

పరీక్షకి వద్దాం. నా దగ్గరికి వచ్చింది 17వ రోజున, కాబట్టి కంప్లైంట్ కళ్ళముందే ఉంది. బయట చర్మం ఎర్రగా, పొడిగా, కాస్త పగిలినట్టు ఉంది, వాష్ వల్లా రోజంతా పెట్టుకునే ప్యాంటీ లైనర్ల వల్లా వచ్చిన ఇరిటేషన్ అది, ఆ పైమంటకి కారణం కూడా అదే. స్పెక్యులమ్, అంటే యోనిని తెరిచి చూసే పరికరం, వేసి చూస్తే లోపల గోడలు గులాబీ రంగులో ఆరోగ్యంగా ఉన్నాయి, అంటుకున్న తెట్టు లేదు, నురగ లేదు. సర్విక్స్ నోటి దగ్గర చిన్న ఎక్ట్రోపియన్, అంటే లోపలి గ్రంథుల పొర కొంచెం బయటికి తిరిగి ఉండటం, ఈ వయసులో చాలామందికి ఉండేదే, మ్యూకస్ కొంచెం ఎక్కువ రావడానికి అది కూడా ఒక కారణం. ఇది చూసి "సర్విక్స్ మీద పుండు" అని చెప్పి కాల్చేయించుకోమనేవాళ్ళున్నారు, రక్తస్రావం లేకుండా, సర్విక్స్ క్యాన్సర్ స్క్రీనింగ్ నార్మల్‌గా ఉన్నప్పుడు ఆ పని అక్కర్లేదు. సర్విక్స్ నోట్లోంచి తేటగా మ్యూకస్ వేలాడుతోంది, ఫోర్సెప్స్‌తో పట్టుకుని లాగితే ఎనిమిది సెంటీమీటర్లు తెగకుండా సాగింది.

పీహెచ్ దగ్గర ఒక ముఖ్యమైన సంగతి, జూనియర్లకి తప్పకుండా చెబుతా. పేపర్ని యోని పక్క గోడకి తాకించాలి. సర్విక్స్ మ్యూకస్ క్షారగుణం ఉన్నది, అండం విడుదలయ్యే రోజుల్లో దాని పీహెచ్ 7 దాటుతుంది, పేపర్ దానికి తగిలిందంటే రంగు మారిపోయి బ్యాక్టీరియల్ వెజైనోసిస్, అంటే మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరిగే జబ్బు, ఉన్నట్టు చూపిస్తుంది. పీరియడ్ రక్తం, వీర్యం తగిలినా అంతే. ఈ అమ్మాయికి పక్క గోడ దగ్గర 4.2 వచ్చింది. తడి స్లైడ్‌లో మామూలు కణాలు, నిండుగా లాక్టోబాసిల్లై, తెల్ల రక్తకణాలు నామమాత్రం, క్లూ సెల్స్, అంటే బ్యాక్టీరియా అతుక్కున్న కణాలు లేవు, ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి లేదు. 10 శాతం కేఓహెచ్ అనే క్షార ద్రావణం వేస్తే చేపల వాసన రాలేదు, ఫంగస్ దారాలూ కనబడలేదు. లైంగికంగా సోకే క్లమీడియా, గనేరియా కోసం స్వాబ్ పంపా, సర్వైకల్ స్క్రీనింగ్ కూడా ఎప్పుడూ చేయించుకోలేదంటే ఆ పనీ చేసేశా. తర్వాత అన్నీ నార్మల్‌గానే వచ్చాయి.

ఆ కల్చర్ రిపోర్ట్‌లో క్యాండిడా సంగతేంటి మరి? ఏ ఇబ్బందీ లేని ఆడవాళ్ళలో కూడా నూటికి 10 నుంచి 20 మందికి కల్చర్ చేస్తే క్యాండిడా పెరుగుతుంది. అది అక్కడ ఉండటం వేరు, జబ్బు చెయ్యడం వేరు. దురద లేకుండా, స్లైడ్‌లో ఏమీ లేకుండా ఉత్త కల్చర్ కాగితం చూసి మందు ఇవ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

మ్యూకస్ కొంచెం గాజు స్లైడ్ మీద పూసి గాలికి ఆరనిచ్చి మైక్రోస్కోప్ కింద పెట్టా. లోపలి ఉప్పు, ఈస్ట్రోజన్ ఎక్కువున్న రోజుల్లో, ఆరేటప్పుడు ఫెర్న్ ఆకుల ఆకారంలో పేర్చుకుంటుంది. తనని లేచి వచ్చి చూడమన్నా. చాలాసేపు కన్ను తియ్యలేదు. "ఇది నాదా మేడం?" అంది. మీదే, అండం విడుదలయ్యే రోజులు దగ్గరపడ్డాయని చెప్తోంది అన్నా. అప్పటిదాకా ఏడుపు మొహంతో ఉన్న అమ్మాయి మొదటిసారి కాస్త తేలికపడింది.

అయితే మందులు పనిచేసినట్టు ఎందుకనిపించింది అని తనే అడిగింది, చాలా మంచి ప్రశ్న. పదిహేడో రోజున డాక్టర్ దగ్గరికి వెళ్ళారు, మందు వేసుకున్నారు, ఇరవయ్యో ఇరవైరెండో రోజుకి ప్రొజెస్టరాన్ వచ్చి మ్యూకస్‌ని ఆరబెట్టేసింది, పేరు మందుకొచ్చింది. ఆ రోజు మంచినీళ్ళు తాగి ఊరుకున్నా అదే రోజుకి అంతే తగ్గేది. మళ్ళీ నెల తిరిగేసరికి అండం ఎదిగింది, మ్యూకస్ వచ్చింది, "ఇన్ఫెక్షన్ తిరగబెట్టింది". డాక్టర్‌కి కూడా అలాగే కనిపిస్తుంది, తగ్గిందట కాబట్టి మందు సరైనదే, మళ్ళీ వచ్చిందట కాబట్టి ఈసారి ఇంకాస్త గట్టిది ఇద్దాం. ఇలా ఎనిమిది నెలలు గడిచిపోయాయి.

ఇంతకన్నా బాధపెట్టిన విషయం చివర్లో బయటపడింది. డిశ్చార్జ్ ఉన్న రోజుల్లో భర్తకి అంటుకుంటుందేమోనని దూరంగా ఉండేదట, కొన్ని నెలలు ఆ రాత్రుల్లోనే లోపల టాబ్లెట్ పెట్టుకుంది. 1995లో విల్కాక్స్ అనే పరిశోధకుడి బృందం 221 మంది ఆడవాళ్ళ మీద చేసిన స్టడీలో, గర్భం వచ్చింది అండం విడుదలైన రోజుతో ముగిసే ఆరు రోజుల్లో కలిసినవాళ్ళకే అని తేలింది. శుక్రకణం మంచి మ్యూకస్‌లో ఐదు రోజుల దాకా బతుకుతుంది, అండం బతికేది ఒక్క రోజే. పిల్లల కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి సరిగ్గా ఆ ఆరు రోజులనే జబ్బు రోజులనుకుని తలుపేసుకుంది. ఇది విని నాకు కూడా కాసేపు మాట రాలేదు.

ట్రీట్‌మెంట్ అంటే ముందు అన్నీ ఆపడమే. వాష్ ఆపమన్నా, లోపల కడగడం అసలే వద్దు, బయట మామూలు నీళ్ళు చాలు. లైనర్లు ఆపమన్నా, చర్మానికి వాసన లేని మామూలు ఆయింట్‌మెంట్ కొన్నాళ్ళు. యాంటీబయాటిక్ లేదు, ఫంగస్ మందు లేదు. ఒక నోట్‌బుక్‌లో రోజూ రాత్రి ఒక్క లైన్ రాయమన్నా: ఆ రోజు కింద ఎలా అనిపించింది, ఏం కనబడింది. పెద్ద మాటలేం అక్కర్లేదు, పొడి, జిగురు, క్రీమ్, జారుడు, ఈ నాలుగు మాటలు చాలు. దురద, మంట, వాసన, కలిసిన రోజు ఉంటే పక్కన గుర్తు. 1950ల్లో ఆస్ట్రేలియాలో డాక్టర్ జాన్ బిల్లింగ్స్ మొదలుపెట్టి, తర్వాత ఆయన భార్య డాక్టర్ ఈవలిన్ బిల్లింగ్స్‌తో కలిసి పెంచిన పద్ధతికి మూలం కూడా ఈ గమనింపే. నేను దీన్ని గర్భం రాకుండా ఉండటానికి చెప్పట్లేదు, దానికి సరిగ్గా నేర్చుకోవాలి, పొరపాటుకి చోటు ఎక్కువ. తన మామూలు ఏదో తనకి తెలియడానికి చెప్పా.

మొదటి చార్ట్ 32 రోజులది, జారుడుగా ఉన్న ఆఖరి రోజు 18. రెండోది 34 రోజులు, ఆఖరి జారుడు రోజు 21, ఆ నెల మొదట్లో జ్వరం వచ్చింది. ఇక్కడ చూడాల్సింది ఏంటంటే, జారుడు రోజు అయిపోయాక పీరియడ్ రావడానికి పట్టింది మొదటి నెల 14 రోజులు, రెండో నెల 13. సైకిల్ పొడుగైతే పెరిగేది ముందు సగమే, వెనక సగం పెద్దగా మారదు. అందరికీ 14వ రోజే అండం విడుదలవుతుందని నమ్మితే ఈ అమ్మాయి లాంటివాళ్ళకి 18, 20 రోజుల్లో వచ్చే మ్యూకస్ లెక్క తప్పినట్టే కనిపిస్తుంది.

మూడో నెల ఇంకోటి జరిగింది. పంటికి ఇన్ఫెక్షన్ వస్తే డెంటిస్ట్ ఐదు రోజులు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. జారుడు రోజు 17కి అయిపోయింది, 24వ రోజున ఫోన్ చేసింది. "మేడం, ఇది నా నెలది కాదు" అంది. ఏంటమ్మా అంటే గడగడా చెప్పింది, ఈపాటికి పొడిగా ఉండాలి, ఇప్పుడు ముద్దముద్దగా విరిగిన పాలలాగా ఉంది, దురద పట్టలేకపోతున్నా, యూరిన్ పోస్తే చురుక్కుమంటోంది, వాసన మాత్రం లేదు. మొదటిసారి వచ్చినప్పుడు ఎప్పుడూ ఉన్నట్టే ఉంటుంది అన్న మనిషే ఇలా చెప్తోంది. వచ్చి చూపించుకుంటే యోని గోడలు ఎర్రగా ఉన్నాయి, తెల్లటి తెట్టు, పీహెచ్ 4.2, కేఓహెచ్ స్లైడ్‌లో ఫంగస్ దారాలు స్పష్టంగా ఉన్నాయి. ఇది అసలైన క్యాండిడా, ఆ యాంటీబయాటిక్ తర్వాత వచ్చింది. అండం విడుదలై వారమైంది, గర్భం నిలిచే అవకాశం ఉన్న రోజులు కాబట్టి నోటి ద్వారా ఫ్లూకోనజోల్ ఇవ్వలేదు, క్లోట్రిమజోల్ 100 మిల్లీగ్రాముల టాబ్లెట్ ఏడు రాత్రులు లోపల పెట్టుకోమన్నా. నాలుగో రోజుకే దురద పోయింది. భర్తకి ఏ ఇబ్బందీ లేదు, అందుకని ఆయనకి మందు ఇవ్వలేదు.

క్యాండిడాలో పీహెచ్ మారదు, దురదే ఎక్కువ, వాసన ఉండదు. బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌లో దురద అంతగా ఉండదు, పల్చగా బూడిద రంగులో గోడలకి పూసినట్టు ఉంటుంది, కలిశాక చేపల వాసన పెరుగుతుంది, పీహెచ్ 4.5 దాటుతుంది. 1983లో ఆమ్సెల్ అనే డాక్టర్ చెప్పిన నాలుగు లక్షణాల్లో, అంటే ఆ పల్చటి డిశ్చార్జ్, 4.5 దాటిన పీహెచ్, కేఓహెచ్ వేస్తే చేపల వాసన, క్లూ సెల్స్, వీటిలో మూడు ఉంటే అదే అని ఇప్పటికీ పట్టుకుంటాం. ట్రైకోమోనాస్ అయితే పసుపు పచ్చగా నురగతో, మంటతో రావచ్చు, దీనికి మాత్రం భర్తకి కూడా మందు తప్పనిసరి. ఇవేవీ నెలలో తేదీ చూసుకుని రాకపోకలు సాగించవు, చిన్న చిన్న తేడాలు ఉండొచ్చు గానీ వైద్యం లేకుండా నెలనెలా ఠంచనుగా మూడు రోజుల్లో మాయమైపోవు. కలిశాక రక్తం కనబడటం, పీరియడ్‌కి పీరియడ్‌కి మధ్య పదేపదే రక్తం, పొత్తికడుపు నొప్పితో జ్వరం, మెనోపాజ్ అయ్యాక ఏ కొంచెం రక్తం కనబడినా, గర్భంతో ఉండగా నీళ్ళలాగా కారుతున్నా చార్ట్ రాసుకుంటూ కూర్చోకూడదు, వెంటనే చూపించుకోవాలి.

ఇక పిల్లల సంగతి. "ఎనిమిది నెలలు అయిపోయినట్టేనా మేడం, ఇంకా నాలుగు నెలలేనా టైమ్?" అని అడిగింది, 35 లోపు వాళ్ళు ఏడాది ప్రయత్నించాక పరీక్షలు మొదలుపెట్టాలని ఎక్కడో చదివిందట. నిజానికి ఆ ఎనిమిది నెలలూ ప్రయత్నం కిందకి రావు కదా. బాగా ఆలోచించి మొదటి చార్ట్ నెలనే ఒకటో నెలగా ఫైల్లో రాసుకున్నా. భర్త వీర్య పరీక్ష సులువైనది కాబట్టి అది మాత్రం ఆగకుండా చేయించాం, నార్మల్. స్కాన్లు, ట్యూబుల టెస్టులు ఇప్పుడే వద్దన్నా. నెలనెలా మ్యూకస్ వస్తోంది, పద్నాలుగు రోజులకి పీరియడ్ వస్తోంది, అండం విడుదలవుతోందనడానికి ఇంతకన్నా ఇప్పటికి ఏం కావాలి. చర్మం మానింది, మంట లేదు.

పోయిన వారం ఐదో చార్ట్ ఫోటో పంపింది. 33 రోజులు, ఆఖరి జారుడు రోజు 19, తర్వాత పొడి, పొడి, జిగురు, పొడి, చివర్లో పీరియడ్. కింద చిన్న అక్షరాల్లో ఒక లైన్ రాసుంది, "ఈ నెల కూడా రాలేదు, బాధగా ఉంది మేడం, కానీ మందు మాత్రం కొనలేదు" అని.